ఎనిమిదో పేరు

రాష్ట్రం వచ్చిన అయిదో ఏట, మే నెల మొదటి వారంలో ఒక ఉదయం, నేను మా అక్కకు పత్రిక చదివి వినిపించాను. ఆ ఎండాకాలం అక్కడ మొదలైంది.

అక్క పేరు బిక్షమ్మ. అప్పటికి ఆమెకు డెబ్బై మూడేళ్ళు, నాకు అరవై ఏడు. భర్త పోయిన తరువాత ఆమె కేతేపల్లి నుంచి నల్లగొండలోని నా ఇంటికి వచ్చేసింది. నేను పెళ్ళి చేసుకోలేదు. సర్కారు బడుల్లో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి ప్రధానోపాధ్యాయురాలిగా విరమించాను. తప్పు కనబడితే దాని కింద ఎర్రగీత గీయకుండా ఉండలేని మనిషినని పిల్లలు నా వెనుక చెప్పుకునేవారు. వాళ్ళు అబద్ధమాడలేదు.

అక్క తొక్కు కోసం మామిడికాయలు కొడుతున్నది. జిల్లా పేజీలో ఒక మూల చిన్న వార్త కనబడింది. అవతరణ దినోత్సవం నాడు వృద్ధ జానపద కళాకారులను సన్మానిస్తారు. వారి వివరాలను ఒక గ్రంథంగా అచ్చు వేస్తారు. జాబితాలో మూడో పేరు: కౌసల్య, కేతేపల్లి. 1966లో గ్రామఫోను రికార్డుకు కోలాటం పాట పాడిన గాయని.

కత్తి ఆగింది.

"మల్ల చదువు," అన్నది అక్క.

మళ్ళీ చదివాను.

"ఏం పాటనో రాసిండ్రా?"

"రాసిండ్రు. మూసి నీళ్ళ పాట."

అక్క టెంక ఊడదీసి పక్కన పడేసింది. "మంచిగనే ఉన్నది. కౌసల్యమ్మ ఇంక బతికే ఉన్నదన్నట్టు."

ఆ పాట అక్కది. మూసీ ఆనకట్ట కట్టే రోజుల్లో, మా నాయిన ఇస్రాయేలుతో పాటు మట్టి తట్టలు మోసిన ఆడవాళ్ళ నడుమ, ఆమె తానుగా కట్టుకున్న పాట. కట్ట పూర్తయి నీళ్ళు నిలిచాక, ఒక వేసవిలో మద్రాసు నుంచి రికార్డుల మనిషి యంత్రం వేసుకొని వచ్చాడు. పటేలు ఇంటి ముంగిట ఆడవాళ్ళ చేత ఆడించి, పాడించి, పట్టుకుపోయాడు. ఆరు నెలలకు అరచేయి కంటే కొంచెం పెద్దదైన నల్లని రికార్డు వచ్చింది. దాని మీద మా అక్క పేరు లేదు. పటేలు బిడ్డ కౌసల్య పేరు ఉన్నది.

పటేలు మార్పించాడని ఊరు అనుకున్నది. నేనూ అదే చెప్పాను. తరగతి గదుల్లో చెప్పాను, మహిళా సంఘాల సభల్లో చెప్పాను. కూలి మనిషి గొంతును దొరలు ఎట్లా ఎత్తుకుపోతారో చెప్పడానికి నాకు అంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

"ఊకోము అక్కా. ఈసారి ఊకోము," అన్నాను.

"ఏం జేస్తవే? శాలువా కప్పుతరు. గీ ఎండల శాలువా నాకెందుకు?"

"శాలువా కాదు, పేరు."

"పేరు బియ్యం కార్డుల ఉన్నది గద. సాలదా?"

నవ్వింది. కానీ ఆ మధ్యాహ్నం నేను పడుకున్నాననుకొని మంచం కింది రేకుపెట్టె బయటికి లాగింది. అడుగున గుడ్డలో చుట్టిన కోలలు రెండు తీసి, కొబ్బరినూనె రాసి, కొంగుతో తుడిచి, ఒకదానితో ఒకటి ఒక్కసారి తాకించి చూసుకున్నది. చప్పుడు బయటికి రాకుండా వెంటనే చేత్తో పట్టుకున్నది. అది చూసిన తరువాత నాకు నిద్ర పట్టలేదు. ఆ పేరు ఆమెకు కావాలి. యాభై మూడేళ్ళుగా కావాలి.

మరునాడే జిల్లా సాంస్కృతిక శాఖ కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి అధికారి చిన్న వయసువాడు, మర్యాదస్థుడు. నా అర్జీని రెండుసార్లు చదివాడు.

"మేడం, పాత రికార్డుల పట్టికలో ఈ పేరే ఉన్నది. ఆమె కొడుకు అమరేందర్‌గారు దరఖాస్తు పెట్టుకున్నారు. మీ దగ్గర ఏమున్నది?"

"నేను న్యాయం అడగడానికి వచ్చాను."

"నేను ఆధారం అడుగుతున్న మేడం. గా రికార్డు తెండ్రి, గొంతు విందాం. ఇరవై ఏడు, సోమవారం, కమిటీ కూర్చుంటది. ఆ దినం దాటితే పుస్తకం అచ్చుకు పోతది."

ఆ రికార్డు ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. పటేలు ఇంట్లో ఉన్న ఒక్కటీ గ్రామఫోనుతో పాటే ఎప్పుడో పాత సామాన్లలో పోయింది. ఉంటే హైదరాబాదులోనే, పాత రికార్డులు అమ్మే దుకాణాల్లో ఉండాలి. నాకు మిగిలింది మూడు వారాలు.

అట్లా నేను, జీవితంలో ఒక్క పాటల పళ్ళెమైనా కొనని మనిషిని, తెల్లవారుజాము బస్సు ఎక్కడం మొదలుపెట్టాను. సుల్తాన్‌బజార్ సందుల్లో ఒక దుకాణంవాడు నన్ను పైనుంచి కిందికి చూసి, "పాట పేరు చెప్పమ్మా, పెన్‌డ్రైవ్‌ల ఎక్కించిస్త," అన్నాడు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద మోకాళ్ళు నొప్పి పుట్టేవరకు కూర్చొని మూడు గుట్టలు వెతికాను. నా పక్కన జుట్టు ముడి వేసుకున్న ఒక యువకుడు, చెవిలో తీగలతో, డిస్కో రికార్డులు ఏరుకుంటున్నాడు. రాత్రి క్లబ్బుల్లో వాటి మీద పిల్లలు ఆడతారట. అతడు ఒక్కొక్క పళ్ళేన్ని వెలుగుకు ఎత్తి, గీతలు చూసి, పసిబిడ్డను పెట్టినంత మెల్లగా సంచిలో పెట్టుకోవడం నాకు నచ్చింది. కానీ ఆ సంచిలోకి ఏమేమి పోతున్నాయోనని మెడ చాచి చూడకుండా ఉండలేకపోయాను.

"ఏం చూస్తున్నారు ఆంటీ?"

"కోలాటం పాటలు."

"ఆడతారా మీరు?"

"లేదు. నేను ఎన్నడూ ఆడలేదు," అన్నాను.

ఛత్తాబజార్ దగ్గర ఒక దుకాణంలో అంతకంటే ఘోరం చూశాను. పాత రికార్డులకు నడుమ రంధ్రం పెద్దది చేసి, ముళ్ళు బిగించి, గోడ గడియారాలు చేస్తున్నారు. గోడ నిండా అవే. ఇరవై ముప్పై గడియారాలు ఒక్కసారి టిక్కుటిక్కుమంటుంటే, కళ్ళద్దాలు తుడుచుకొని ఒక్కొక్క దాని నడుమ ఉన్న అక్షరాలు చదివాను. మా అక్క గొంతు ఎవరింటి వంటగదిలోనో పన్నెండు గంటలు చూపిస్తున్నదేమోనన్న ఆలోచన వచ్చింది. అది ఎంతకూ పోలేదు.

సాయంత్రం ఇల్లు చేరితే, అక్క "దొరికిందా" అని అడిగేది కాదు. "తిన్నవా?" అనేది. ముందు నా మొహం, తరువాత నా సంచి చూసేది. పగలు నేను లేనప్పుడు పాట సాధన చేస్తున్నదని ఎదురింటి యాదలక్ష్మి చెప్పింది.

"టీచరమ్మా, మీ అక్క గొంతు నడుమనడుమ బొంగురు పోతాంది. పసుపు పాలు తాగమని చెప్పు."

ఈ లోపల అమరేందర్ ఫోను చేశాడు. నకిరేకల్‌లో పెట్రోలు బంకు నడిపే మనిషి. గొంతు నిండా వినయం.

"టీచరమ్మా, పాత పగలు ఎందుకు తోడుతున్నరు? మా అమ్మకు డెబ్బై ఒక్కటి. ఒక్క శాలువా కప్పుకోనియ్యుండ్రి."

"మీ తాత మా అక్క పేరు కొట్టేయించాడు నాయనా. దాని సంగతి ఏమిటి?"

"ఏమో, మా తాత గసుంటి పనులు చేసిండనే అంటరు," అని పెట్టేశాడు. గెలిచినట్లనిపించాలి. అనిపించలేదు. ఆ వారమంతా బస్సులో పత్రిక తెరిచి ఒకే వార్తను మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని. రికార్డు దొరకకపోతే ఏమవుతుందోనని భయం అనుకున్నాను. ఒక రోజు, ఒక గుట్ట అడుగు దాకా వెతికి, అది లేదని తేలినప్పుడు, గుండె తేలికపడింది. ఎందుకు తేలికపడిందో నన్ను నేను అడగలేదు.

సుల్తాన్‌బజార్‌లోనే, ఒక బట్టల కొట్టు పైన, ఖాజా సాబ్ దుకాణం ఉన్నది. గడ్డం నెరిసిన పెద్దమనిషి. తండ్రి పెట్టిన దుకాణాన్ని అట్లాగే ఉంచాడు. అక్కడికి మూడుసార్లు వెళ్ళాను. తెలుగు పెట్టెలు, భక్తి పెట్టెలు, సినిమా పెట్టెలు అన్నీ వెతికాను. నాలుగోసారి వెళ్ళింది మే ఇరవై మూడున. ఓట్లు లెక్కించే రోజు. కింద అన్ని కొట్లలో టీవీలు మోగుతున్నాయి. ఖాజా సాబ్ తన టీవీ కట్టేసి, కుర్చీ చూపించాడు.

"బైఠియే అమ్మా. నీళ్లు తాగుండ్రి. ఒక్క మాట అడగాల్నా? గా రికార్డు మీద ఇంగ్లీషుల ఏం రాసి ఉంటది?"

"అది తెలుగు పాట."

"పాట తెలుగే. మా అబ్బాకు తెలుగు చదువ రాకపోతుండె. ఇంగ్లీషుల పెద్ద అచ్చరాలు ఏమున్నయో చూసి గా డబ్బల ఏసెటోడు. గందుకే అడుగుతున్న. ఇంగ్లీషుల ఏమున్నది?"

నాకు తెలియదని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. గ్లాసు చేతిలో చల్లగా ఉన్నది. కింద ఎవరో గెలిచినట్లున్నారు, పటాకులు పేలాయి.

"విలేజ్ డ్యాన్స్," అన్నాను.

"మీకెట్ల ఎరుక?"

"నేనే రాసిన."

ఆ మాట పైకి అన్నది అదే మొదటిసారి.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. నల్లగొండలో క్రైస్తవ సన్యాసినుల మఠం బడిలో, ఫీజు లేకుండా, అక్కడే ఉండి చదువుకుంటున్నాను. సెలవులకు ఊరికి వచ్చాను. మా ఊరి పటేలుకు, పట్వారీకి ఉర్దూ వచ్చు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మద్రాసు మనిషికి వివరాలు ఇంగ్లీషులో కావాలి. నన్ను పిలిపించారు.

"ఏమ్మాయ్, ఇంగ్లీషు రాస్తావటగా? కోలాటాన్ని ఏమంటారు ఇంగ్లీషులో?" అని అడిగాడాయన.

సిస్టర్లు ఆ మాట నాకు నేర్పలేదు. వాళ్ళు దాన్ని ఎట్లా నేర్పుతారు? విలేజ్ డ్యాన్స్ అని రాశాను, పెద్ద అక్షరాలతో.

"పాడిన ఆవిడ పేరు?"

అక్క నా భుజం మీద చేయి వేసి నిలబడి ఉన్నది. పాడీ ఆడీ ఒళ్ళంతా చెమట. ఆమెకు చదువు రాదు.

అంతకు ముందు ఏడాది, జాతరలో ఆడిందని తెలిసి, మా బడిలోనే ఒక పిల్లను పెట్టెతో సహా ఇంటికి పంపించారు. ఈ పాట రేడియోలో వస్తుందని, పాడినవారి పేరు చదువుతారని మద్రాసు మనిషి అందరికీ చెప్పాడు. మఠంలో రేడియో ఉన్నది. కేతేపల్లి బిక్షమ్మ ఎవరి అక్కో అక్కడ అందరికీ తెలుసు. పైగా ఆ రోజు ఎల్లమ్మకు జ్వరమని, వలయంలో ఒకరు తక్కువైతే, అక్క నన్ను లాగింది. నేనూ ఆడాను.

నేను కౌసల్య అని రాశాను. ఆమె పటేలు బిడ్డ; ఆమెను ఎవరూ ఏ బడి నుంచీ పంపించరు.

"నా పేరు రాసినవా?" అని అక్క అడిగింది.

"రాసిన," అన్నాను.

ఖాజా సాబ్‌తో ఇదంతా చెప్పలేదు. ఆయన అడగలేదు. మూలనున్న పొడవాటి చెక్క డబ్బా లాగి నా ముందు పెట్టాడు. దాని మీద సుద్దతో డ్యాన్స్ అని ఉన్నది.

"ఒక్క సంగతి అమ్మా. పోయిన శనివారం ఒక పోరడు వచ్చి గీ డబ్బల సగం ఎత్తుకపోయిండు. గా క్లబ్బులల్ల వాయించెటోడు. మిగిలినయి గివే."

నేను వెతకడం మొదలుపెట్టాను. తలలకు రెక్కలు పెట్టుకున్న ఆడవాళ్ళు, మెరిసే ప్యాంట్ల మగవాళ్ళు, ఎర్ర దీపాలు, బూట్లు. ఒక్కొక్క అట్టనూ తిప్పి చూశాను. డబ్బా అడుగు దగ్గరపడుతున్నది. ఆ పోరడి సంచిలో పోయి ఉంటే సోమవారం నేను చేయగలిగేది ఏమీ లేదు. చివరి నుంచి మూడోది, బొమ్మ లేని ఖాకీ కాగితపు కవరు. లోపల చిన్న నల్ల రికార్డు. VILLAGE DANCE. దాని కింద, MISS KAUSALYA AND PARTY. పద్నాలుగేళ్ళ పిల్ల ఏ మాట పక్కన ఏ మాట రాసిందో, అచ్చు అట్లాగే.

ఖాజా సాబ్ దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, ప్లేయరు మీద పెట్టి, ముల్లు దించాడు. కొంచెంసేపు గరగర. తరువాత కోలల దెబ్బ. దాని మీద, ఇరవై ఏళ్ళ మా అక్క.

మా ఊరి కోలాటానికి ఒక పద్ధతి ఉన్నది. పాడే మనిషి వలయం నడుమ నిలబడుతుంది. అడుగు మార్చే ముందు, ఆడుతున్న ఎనిమిది మందినీ దెబ్బకు ఒకరి చొప్పున పేరు పెట్టి పిలుస్తుంది. ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు తిరుగుతారు. పిలిచే మనిషి తన పేరు తాను పిలవదు. ఆ పద్ధతిని నేను మరిచిపోయాను. రికార్డు మరవలేదు.

"సాలీ... యాదీ... లచ్చీ... నర్సీ... మరియా... సమ్మీ... కౌసల్యమ్మా..."

ఆ గొంతు కౌసల్యను పిలుస్తున్నది. కాబట్టి అది కౌసల్య గొంతు కాదు. ఏ కమిటీ ముందైనా నిలిచే ఆధారం. నా వెన్ను నిటారుగా అయింది.

"పుష్పా!" అన్నది మా అక్క, నవ్వుతూ. "దిగవే పిల్లా!"

ఎనిమిదో దెబ్బ పడింది.

ఖాజా సాబ్ నా వైపు చూశాడు. "పుష్పా అంటే...?"

"నేనే," అన్నాను.

బ్యాటరీతో నడిచే చిన్న రికార్డు ప్లేయరును కూడా ఆయన ఎరువిచ్చాడు. నేను నా పింఛను గుర్తింపు కార్డును ఆయన గల్లాలో పెట్టి వచ్చాను. ఎండకు ఇటువంటి రికార్డులు వంగిపోతాయని చెబితే, నల్లగొండ చేరేదాకా దాన్ని రెండు అట్టల నడుమ పెట్టి, కిటికీకి దూరంగా, రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకున్నాను. వంగిపోతే ఎంత బాగుండునన్న ఆలోచన చిట్యాల దాటాక ఒకసారి వచ్చింది. దాచను, వచ్చింది.

"తిన్నవా?" అన్నది అక్క.

"దొరికింది."

ఆమె గడప మీద కూర్చున్నది. కవరును తీసుకొని, వాసన చూసి, మళ్ళీ నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు ఇనిపియ్యకు. సోమారం అందరి ముంగట్నే ఇంట," అన్నది. ఆ పూట ఆమె రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

గురువారం గడిచింది. శుక్రవారం చెబుదామనుకున్నాను, ఆమె చీర ఇస్త్రీ చేయించుకోవడానికి వెళ్ళింది. శనివారం యాదలక్ష్మి వచ్చి కూర్చున్నది. ఆదివారం ప్రార్థనకు వెళ్ళి, మోకాళ్ళ మీద ఉన్నంతసేపు ఒక్క మాటా రాలేదు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలను నిలబెట్టి, చేసిన తప్పు నీ నోటితోనే చెప్పు అన్నదాన్ని.

సోమవారం కమిటీ గదిలో ఆరుగురున్నారు. అమరేందర్ తల్లిని చేయి పట్టుకొని తీసుకువచ్చాడు. కౌసల్యమ్మ కర్ర ఊతంతో వంగి నడుస్తున్నది. అక్కను చూడగానే మొహం విప్పారింది.

"ఓ బిక్షమ్మా! నీ పండ్లు ఇంక అట్లనే ఉన్నయే!"

"నీయి యాడ పోయినయి కౌసల్యమ్మా?"

"డబ్బల పెట్టుకున్న. తినేటప్పుడు పెట్టుకుంట."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను ముల్లు దించాను.

పాట మొత్తం విన్నారు. అక్క కళ్ళు మూసుకొని, వేళ్ళతో మోకాలి మీద దెబ్బ వేస్తున్నది. పేర్లు వచ్చినప్పుడు అధికారి చేయి ఎత్తి, "మళ్ళొకసారి," అన్నాడు. మళ్ళీ వేశాను. పిలిచే మనిషి తన పేరు పిలవదన్న పద్ధతిని వివరించాను. నా గొంతు తరగతిలో మోగినట్లే మోగింది.

అమరేందర్ తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు పాడలేదా?"

"పాడిన అని నేనెన్నడన్న అన్ననారా? రికార్డుల నీ పేరున్నదంటివి, నువ్వే రాసి పంపితివి. నన్ను అడిగినవా? నేను తిరిగిన. పాడింది గీ బిక్షమ్మ."

గదిలో ఎవరో నవ్వారు. అధికారి కాగితం మీది పేరు కొట్టివేసి, కొత్తగా రాసుకుంటూ అడిగాడు. "ఎనిమిదో పేరు... పుష్ప. ఈమె ఎవరు?"

"గీమెనే సార్!" అన్నది అక్క గర్వంగా. "గీ నా చెల్లెనే. గా దినం మస్తు తిరిగింది. ఎవ్వరికన్న చెప్తె నమ్ముతరా?"

అందరూ నా వైపు చూసి నవ్వారు. నేనూ నవ్వడానికి ప్రయత్నించాను.

"సరే మేడం. పేరు తారుమారైన సంగతి కూడా గ్రంథంలో ఒక వాక్యం వేస్తాం. 'అప్పటి గ్రామ పెద్దలు పేరు మార్పించినారు.' ఇట్లనే రాసుకుందునా?"

అమరేందర్ తల వంచుకున్నాడు. "రాయుండ్రి సార్. మా తాత గట్లనే చేసి ఉంటడు," అన్నాడు మెల్లగా.

అధికారి కలం కాగితం మీద ఆనింది. నేను ఊరుకుంటే చాలు. నేను చెప్పవలసింది కూడా ఏమీ లేదు. ఊరంతా యాభై మూడేళ్ళుగా చెప్పుకున్నదే. ఆ పటేలు మా నాయినను ఎన్ని మాటలన్నాడో నాకు తెలుసు. కానీ ఇది అతడు చేసింది కాదు.

"వద్దు," అన్నాను. "కాగితం రాసింది నేను. ఆ పేరు నేనే రాసిన."

రికార్డు ఎప్పుడో అయిపోయింది. ముల్లు చివరి గీతలో తిరుగుతూ టక్కుటక్కుమంటున్నది. ఎవరూ దాన్ని ఎత్తలేదు.

"గా మిషిని బందు చేయుండ్రి సార్," అన్నది అక్క.

ఆటోలో ఆమె ఆ చివర, నేను ఈ చివర. గడియారం స్తంభం దాటాక, బయటికే చూస్తూ అడిగింది.

"నేను అడిగిన గద గా దినం. నా పేరు రాసినవా అని."

"అడిగినవు."

"రాసిన అన్నవు."

"అన్న."

ఇంకేమీ అడగలేదు. కారణం చెబుదామని సిద్ధం చేసుకున్న మాటలు నా దగ్గరే ఉండిపోయాయి. ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కొని, వంటింట్లోంచి పిలిచింది. "టీచరమ్మా, అన్నం పెట్టమంటవా?"

ఊళ్ళో వాళ్ళు పిలిచే పిలుపు అది. నేను పుట్టినప్పటి నుంచి మా అక్క నన్ను పేరుతో తప్ప పిలవలేదు.

జూన్ రెండున ఆమెను వేదిక మీదికి పిలిచారు. శాలువా కప్పారు. కళాకారిణి బిక్షమ్మ, కేతేపల్లి, అని మైకులో రెండుసార్లు చదివారు. ఒక పాట పాడమన్నారు. ఆమె శాలువా తీసి కుర్చీ మీద వేసి, కోలలు అందుకున్నది. గొంతు బొంగురు పోలేదు. ముందు వరసలో కౌసల్యమ్మ చప్పట్లు కొడుతున్నది. పేర్ల దగ్గరికి వచ్చింది. ఎనిమిది మందిలో అయిదుగురు చనిపోయారు, వాళ్ళనూ పిలిచింది. సాలీ. యాదీ. లచ్చీ. నర్సీ. మరియా. సమ్మీ. కౌసల్యమ్మా.

ఎనిమిదో దెబ్బకు కోలలు తాకాయి. పేరు రాలేదు. పాట ముందుకు పోయింది.

జనానికి తెలియలేదు. నేను న్యాయం అడిగాను. అది వచ్చింది, సరిగ్గా రావలసిన చోటికే వచ్చింది.

తొలకరి పడ్డాక, పత్రికలో ఫొటో చూసి, వీధిలోని ఆడపిల్లలు నేర్పమని వచ్చారు. యాదలక్ష్మి మనవరాలు మనస్విని వాళ్ళకు పెద్ద. సాయంత్రాలు మా ముంగిట వలయం కట్టేవారు. ఏడుగురే. ఇంకొకరిని చేర్చుకుందామని మనస్విని అంటే, అక్క వినలేదు. నేను వసారాలో కుర్చీ వేసుకొని పత్రిక చదువుతూ ఉండేదాన్ని. నెల దాటింది. ఇంట్లో నేను టీచరమ్మనే.

ఒక సాయంత్రం, వాన వెలిసి నేల ఆరుతున్నప్పుడు, పేర్లు పిలవడం అయ్యాక, మనస్విని కోలలు దించి నిలబడింది.

"అవ్వా, రోజూ గీ ఆఖరి దెబ్బకు ఊకుంటవేంది? గీడ ఎవ్వరు?"

అక్క కొంగుతో మొహం తుడుచుకున్నది. నా వైపు చూడలేదు.

"గీడ మనిషి ఉన్నది. ఇంక దిగలే," అన్నది. "మల్ల మొదటి నుంచి. కోలలు ఎత్తుండ్రి."

నేను పత్రిక మడిచి కుర్చీ మీద పెట్టాను. చెప్పులు విడిచాను.